డిశ్చార్జ్ తర్వాత వచ్చే ఫోన్

చెన్నైలో సైకియాట్రిస్టుగా పనిచేస్తున్నానని, ఎక్కువగా కాలేజీ వయసు పిల్లల్నే చూస్తానని తెలియగానే పెళ్ళిళ్ళలో, రైల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టులో అందరూ అడిగేది ఒకటే. "ఈ కాలం పిల్లలు ఎందుకండీ ఇంత సున్నితంగా ఉంటున్నారు?" దీని గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది, నన్ను నిద్రపోనివ్వనిది అదే. ఆత్మహత్యాయత్నం చేసి, ఆసుపత్రిలో బతికి బయటపడి, బిల్లు కట్టేసి ఇంటికి వెళ్ళిన పిల్లాడికి ఆ తర్వాతి వారం ఫోన్ చేసి "ఎలా ఉన్నావురా" అని అడిగేది ఎవరు?

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేట వైపు వాళ్ళకి పెద్ద జబ్బు అంటే చెన్నై రైలెక్కడం ఎప్పటి నుంచో అలవాటు. ఇప్పుడు దానికి తోడు ఊరి చుట్టూ ఉన్న ప్రైవేటు యూనివర్సిటీల్లో, ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) పొడవునా ఉన్న కంపెనీల్లో, పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళలో మన పిల్లలు బోలెడంత మంది ఉంటున్నారు. ఇంగ్లీషులో చదువు, బయట తమిళం, ఏడుపొస్తే మాత్రం తెలుగు. కేస్ షీట్‌లో భాష అనే గడిలో 'తెలుగు' అని కనిపిస్తే నర్సులు నాకే కబురు పెడతారు.

సాధారణంగా క్యాజువాలిటీకి తీసుకొచ్చేది రూమ్మేట్లు. అర్ధరాత్రి, ఆటోలో, షార్టులు టీ షర్టులతోనే. మెడిసిన్ వాళ్ళు ప్రాణం నిలబెడతారు, ఆ పని వాళ్ళు నిజంగా అద్భుతంగా చేస్తారు. తెల్లవారేసరికి అమ్మానాన్నలు దిగుతారు. ఐసీయూ నుంచి వార్డుకి మార్చాక, ఇంకో రోజు చూసి పంపించేద్దాం అనుకున్నప్పుడు కేస్ షీట్‌లో ఒక లైను రాస్తారు, 'సైకియాట్రీ ఒపీనియన్' అని. నేను వెళ్ళేసరికి చాలాసార్లు బ్యాగు సర్దేసి ఉంటుంది. తండ్రి నన్ను చూడగానే లేచి నిలబడతాడు. "వాడికి ఏం తక్కువ చేశాం మేడమ్? అడిగింది ఏదీ కాదనలేదు" అంటాడు. తల్లి ఏమీ అనదు, మంచం మీద దుప్పటి సరిచేస్తూనే ఉంటుంది. పిల్లాడు చేతి మీద సెలైన్ ఎక్కించే కాన్యులా తీసేసిన చోట అంటించిన టేపుని గోటితో లేపుతూ ఉంటాడు. అప్పుడు నాకు ఇచ్చే టైము పావుగంట, ఎందుకంటే రైలు సాయంత్రం.

చాలామంది మొదట చెప్పేది "పొరపాటున జరిగింది" అనే. పోలీసు కేసు అవుతుందని, రేపు ఉద్యోగానికి, వీసాకి, పెళ్ళికి అడ్డం వస్తుందని భయం. ఈ భయం గురించి తెలుగులో స్పష్టంగా రాసినవాళ్ళు తక్కువ కాబట్టి నేను రాస్తాను. పాత ఐపీసీ 309వ సెక్షన్ కింద ఆత్మహత్యాయత్నం నేరమే. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కాదని రుజువైతే తప్ప విచారించి శిక్షించకూడదు, పైగా వాళ్ళకి చికిత్స, పునరావాసం ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ 309 లేనే లేదు. ఆసుపత్రి వాళ్ళు ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాయడం వేరు, మీ అబ్బాయి మీద నేరం మోపడం వేరు. నిజం చెప్తే పోయేదేమీ లేదు. అబద్ధం చెప్తే మాత్రం పోయేది ఉంది, 'పొరపాటు' అని రాసిన కేసుకి సైకియాట్రీ వాళ్ళని పిలవరు.

మన పేపర్లలో చిన్నప్పటి నుంచి చదువుతున్నాం కదా, 'కడుపునొప్పి తాళలేక' అని. ఎంతమందికి నిజంగా కడుపునొప్పి ఉందో ఎవరికి తెలుసు. ఇంట్లోవాళ్ళు పరువు కోసం, విచారణ త్వరగా ముగించడం కోసం ఏదో ఒక కారణం చెప్తారు, అదే రికార్డుకి ఎక్కుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్యలు 1,70,924, అందులో విద్యార్థులు 13,044 మంది. కారణాల్లో 'అనారోగ్యం' 18.4 శాతం, 'కుటుంబ సమస్యలు' 31.7 శాతం. పోలీసు రికార్డుల మీద ఆధారపడిన ఈ అంకెల్ని నేను తీసిపారేయను, కానీ కారణాల గడిని మాత్రం చాలా అనుమానంగా చూస్తాను. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం వేరే దారిలో వెళ్ళింది. ఇంటింటికీ తిరిగి మరణాల వివరాలు సేకరించారు. దేశంలో ఆత్మహత్యతో చనిపోయిన మగవాళ్ళలో దాదాపు 40 శాతం, ఆడవాళ్ళలో దాదాపు 56 శాతం 15 నుంచి 29 ఏళ్ళ వయసువాళ్ళే అని తేలింది. ఆడపిల్లల సంగతి మనం అసలు మాట్లాడుకోం. కోచింగ్, ర్యాంకులు, మార్కులు అంటూ మన చర్చంతా మగపిల్లల చుట్టూనే తిరుగుతుంది, ఇరవై రెండేళ్ళకే పెళ్ళి చేసుకుని కొత్త ఇంట్లో నోరు మూసుకుని బతుకుతున్న అమ్మాయి గురించి టీవీ డిబేట్లు పెట్టరు.

ఇక ఫోన్ సంగతి. దీనికి గట్టి ఆధారం ఉంది, అందులో కొంత చెన్నైలోనే పుట్టింది. 1986లో ఇక్కడ డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ అనే సైకియాట్రిస్టు 'స్నేహ' అనే ఆత్మహత్యల నివారణ సంస్థని మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో ఒక పెద్ద పరిశోధన చేసింది. బ్రెజిల్‌లో కాంపినాస్, శ్రీలంకలో కొలంబో, ఇరాన్‌లో కరాజ్, చైనాలో యున్‌చెంగ్, మన దగ్గర చెన్నై. ఆత్మహత్యాయత్నం చేసి ఎమర్జెన్సీకి వచ్చిన 1,867 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలుగా ఇచ్చే చికిత్స. రెండో భాగానికి ఆ చికిత్సతో పాటు డిశ్చార్జ్‌కి ముందు సుమారు గంటసేపు కూర్చుని మాట్లాడటం, ఆ తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో ఇంటికి వెళ్ళి పలకరించడమో. మొదటి వారం, రెండో వారం, నాలుగు, ఏడు, పదకొండు వారాలు, ఆపై నాలుగో నెల, ఆరో నెల, ఏడాది, ఏడాదిన్నర. అంతే. కొత్త మందు లేదు, మెషీన్ లేదు. 2008లో ఫలితాలు వచ్చాయి. మామూలు చికిత్స పొందినవాళ్ళలో ఏడాదిన్నరలో ఆత్మహత్యతో చనిపోయినవాళ్ళు 2.2 శాతం, పలకరింపు అందినవాళ్ళలో 0.2 శాతం.

పరిశోధన చేసేదాన్ని కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే అధ్యయనంలో మళ్ళీ ప్రయత్నం చేసినవాళ్ళ శాతం చూస్తే అయిదు చోట్లా కలిపి రెండు భాగాల్లోనూ ఇంచుమించు సమానం, ఏడున్నర దగ్గర. అంటే ఫోన్ చేయగానే బాధ మాయమైపోదు. ఆలోచనలు మళ్ళీ వస్తాయి, కొందరు మళ్ళీ ప్రయత్నిస్తారు కూడా. మరి మరణాలు ఎందుకు తగ్గాయి? దీనికి ఎవరి దగ్గరా పూర్తి జవాబు లేదు. నాకు తోచేది, చివరి నిమిషంలో ఎవరికో ఒకరికి చెప్పే దారి తెరిచి ఉండటం వల్ల సాయం తొందరగా అందుతుంది. నా ఓపీలో నేను చూస్తున్నది దీనికి దగ్గరగా ఉంటుంది.

ఆ ఫోన్లో ఏం మాట్లాడతాం అని చాలామంది అడుగుతారు, ఏదో పెద్ద కౌన్సెలింగ్ అనుకుంటారు. ఒక అమ్మాయి సంగతి చెప్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలన్నీ మార్చాను, ఒకరిద్దరి విషయాలు కలిపాను. బీటెక్ మూడో ఏడు, తప్పిన సబ్జెక్టులు, ఇక్కడి భాషలో చెప్పాలంటే అరియర్స్, పేరుకుపోయాయి, ఇంట్లో తెలియదు. మా టీమ్‌లో ఫోన్లు చేసే సైకాలజిస్టు కూడా తెలుగమ్మాయే. మొదటి వారం చేస్తే "బాగున్నా అక్కా, థాంక్యూ" అని నిమిషంలో పెట్టేసింది. మన పిల్లలకి అది బాగా వచ్చు, ఇంటికి చేసే ఫోన్‌తో ప్రాక్టీస్ అయి ఉంటుంది. రెండో వారం కూడా అంతే, కాకపోతే మెస్‌లో సాంబారు గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పింది. నాలుగో వారం మా సైకాలజిస్టు ఫైల్లో రాసుకున్నది ఇది: "నిద్ర నాలుగు గంటలు. మెస్‌కి వెళ్ళడం లేదు, బిస్కెట్లు తింటోంది. మంగళవారం రాత్రి ఆలోచన వచ్చింది. కార్డు తీసి చూసింది. వాళ్ళ అక్కకి ఫోన్ చేసింది, కారణం చెప్పలేదు, ఊరికే మాట్లాడింది. తర్వాత పడుకుంది."

ఆ చివరి మూడు నాలుగు వాక్యాల కోసమే మేం జీతాలు తీసుకుంటున్నామని నేను అనుకుంటాను. ఏడో వారం ఫోన్ ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేసి భయపెట్టకుండా ఒక మెసేజ్ పెట్టాం, వార్డెన్ నంబరు చేతిలో పెట్టుకుని కూర్చున్నాం. సాయంత్రం తనే చేసింది, ల్యాబ్‌లో ఉన్నానని. రిజల్ట్స్ వచ్చే రోజు మా షెడ్యూల్లో లేదు, అయినా ఆ తేదీ క్యాలెండర్లో పెట్టుకుని ఫోన్ చేశాం. షెడ్యూలు మనిషి కోసం ఉండాలి గానీ మనిషి షెడ్యూలు కోసం కాదని నా మొండి అభిప్రాయం.

కార్డు అన్నాను కదా, దాన్ని సేఫ్టీ ప్లాన్ అంటారు. డిశ్చార్జ్‌కి ముందు పేషెంటు తన చేత్తో తనే రాసుకోవాలి, మేం పక్కన కూర్చుంటాం. ఆలోచన రాబోతోందని నాకు ఎలా తెలుస్తుంది, ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏం చేస్తే కాస్త తేలికపడుతుంది, ఎవరి పక్కన ఉంటే బాగుంటుంది, ఎవరికి నిజం చెప్పగలను, డాక్టరు నంబరు, గదిలో ప్రమాదకరమైనవి లేకుండా ఎవరు చూస్తారు. ఆ అమ్మాయి 'ఎలా తెలుస్తుంది' అన్న చోట ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది: గ్రూపుల్లో మెసేజ్‌లు చదవడం మానేస్తాను, తల దువ్వుకోను. 'తేలికపడుతుంది' అన్న చోట చెల్లెలికి వీడియో కాల్, తలస్నానం. చివరి గడిలో, మాత్రలు రూమ్మేట్ దగ్గర. నేను కూడా మందులు వారానికి సరిపడానే రాశాను. ఇందులో ఏ ఒక్కటీ డాక్టరు తన బుర్రతో రాసివ్వగలిగేది కాదు.

ఈ చివరి గడిని ఇళ్ళలో తేలిగ్గా తీసుకుంటారు. "చావాలనుకున్నవాడిని ఎవరు ఆపగలరు మేడమ్" అంటారు. ఆపగలం. ఆస్ట్రియాలో ఆత్మహత్యాయత్నం చేసి బతికిన 82 మందిని అడిగితే, ఈసారి ఆలోచన మొదలైనప్పటి నుంచి ప్రయత్నం దాకా పట్టిన టైము దాదాపు సగం మందిలో పది నిమిషాలు, అంతకంటే తక్కువ. ఆ పది నిమిషాలు దాటించడానికి అందుబాటులో ప్రమాదం లేకపోవడం, అందుబాటులో మనిషి ఉండటం, ఈ రెండూ చాలా పనిచేస్తాయి. స్నేహ వాళ్ళు కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర పల్లెల్లో రైతుల పురుగుమందులు ఇళ్ళలో కాకుండా ఒకే చోట తాళాల్లో పెట్టించి చూసింది కూడా ఇందుకే.

ఇదంతా డాక్టర్లే చేయాలా? అక్కర్లేదు. తమిళనాడులోని శ్రీలంక తమిళ శరణార్థుల శిబిరాల్లో ఇలాంటి కార్డు, క్రమం తప్పని పలకరింపు, ఈ రెండిటితో ఒక అధ్యయనం చేశారు, 2017లో అచ్చయింది. ఆ పని చేసింది శిబిరాల్లోనే ఉండే వాలంటీర్లు. ఇంకా వెనక్కి వెళ్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, డిశ్చార్జ్ అయ్యాక చికిత్సకి రానని చెప్పేసిన 843 మందిలో దాదాపు సగం మందికి అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు పంపే ఏర్పాటు చేశాడు. మీరు ఎలా ఉన్నారో తెలుసుకోవాలని ఉంది, రాయాలనిపిస్తే రాయండి, అంతకు మించి ఏమీ అడగని ఉత్తరాలు. మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందినవాళ్ళలో ఆత్మహత్యలు తక్కువ. ఆయనకి ఈ ఆలోచన రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా ఉన్నప్పుడు ఒక అమ్మాయి రాసిన ఉత్తరాల నుంచి వచ్చిందట. నేను పీజీ విద్యార్థులకి క్లాసు తీసుకున్న ప్రతిసారీ ఇది చెప్తాను, సిలబస్‌లో లేకపోయినా.

మరి ఇంత ఆధారం ఉండి ఎందుకు అన్నిచోట్లా జరగడం లేదు? ఫోన్ కాల్‌కి బిల్లు రాయలేం కాబట్టి. స్కానింగ్‌కి రేటు ఉంది, బెడ్‌కి రేటు ఉంది, ఏడో వారం ఫోన్‌కి లేదు. ఫోన్లు చేసే సైకాలజిస్టు జీతం ఏదో ఒక రీసెర్చ్ ప్రాజెక్టులోంచి వస్తుంది, గ్రాంటు అయిపోగానే ఆ పోస్టు పోతుంది. నేను ఒకప్పుడు పనిచేసిన చోట సరిగ్గా ఇదే జరిగింది. ఇంకా ఆరో నెల ఫోన్ రావాల్సినవాళ్ళు లిస్టులో ఉండగానే ప్రాజెక్టు ముగిసింది. 2022 నవంబరులో కేంద్రం జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం ప్రకటించింది, 2030 కల్లా ఆత్మహత్య మరణాల్ని 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కాలు విరిగినవాడికి కట్టు కట్టి రివ్యూ తేదీ రాయకుండా ఏ ఆర్థోపెడిక్ డాక్టరూ ఇంటికి పంపడు. ఆత్మహత్యాయత్నం చేసినవాడి డిశ్చార్జ్ కాగితంలో మొదటి ఫోన్ తేదీ, చేసేవాళ్ళ పేరు ఉండాల్సిందే అని ఒక్క రూలు పెడితే చాలు, నేను మిగతా అన్నిటికీ ఓపిక పడతాను.

వయసు గురించి కూడా ఒక మాట. మానసిక సమస్యలు ఎప్పుడు మొదలవుతాయో 7 లక్షలకు పైగా మంది వివరాలతో లెక్కకట్టి 2022లో ప్రచురించారు. 62.5 శాతం మందికి పాతికేళ్ళ లోపే మొదలవుతున్నాయి. మన ఆసుపత్రులు మాత్రం పద్దెనిమిది దగ్గర గీత గీస్తాయి. అటువైపు పిల్లల విభాగం, ఇటువైపు నలభై ఏళ్ళ పేషెంట్ల మధ్య ఓపీ క్యూలో నిలబడ్డ పంతొమ్మిదేళ్ళ అబ్బాయి. ఒకసారి వచ్చి ఆ క్యూ చూసి వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో. ఆస్ట్రేలియాలో 2006 నుంచి 'హెడ్‌స్పేస్' పేరుతో 12 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకే సెంటర్లు నడుపుతున్నారు. అంత పెద్దది రేపే కట్టమని అడగను. సాయంత్రం కాలేజీ అయ్యాక, విడిగా ఒక గదిలో, వారానికి రెండు రోజులు యువత ఓపీ పెట్టినా తేడా కనబడుతుంది.

ఆసుపత్రి బయట జరిగే పనులూ ఉన్నాయి. తమిళనాడులో ప్లస్‌టూ తప్పినవాళ్ళు ఏడాది పోకుండా వెంటనే సప్లిమెంటరీ రాసుకునే అవకాశం కోసం స్నేహ వాళ్ళు ప్రభుత్వాన్ని అడిగి సాధించుకున్నారు. ఏడాది పోవడానికీ నెల ఆగడానికీ మధ్య ఉన్న తేడా పదిహేడేళ్ళ పిల్లకి ఎంతో, ఫలితాల రోజు ఏ ఇంటర్ కాలేజీ గేటు దగ్గర నిలబడ్డా తెలుస్తుంది.

తల్లిదండ్రులు గుసగుసగా అడిగేది ఒకటుంది. "మేం ఆ మాట ఎత్తితే లేనిపోని ఆలోచన పెట్టినట్టు అవుతుందేమో మేడమ్?" అవదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్ళలో 2,342 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించి 2005లో ప్రచురించారు. ఆత్మహత్య గురించి అడిగినవాళ్ళలో బాధ గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు, అప్పటికే దిగులుతో ఉన్న పిల్లలకి అడగటం వల్ల కాస్త ఊరట దొరికినట్టు కనిపించింది. కాబట్టి సూటిగా అడగండి. "పిచ్చి ఆలోచనలేం పెట్టుకోవట్లేదు కదా?" అని అడిగితే 'లేదు' అనే జవాబే వస్తుంది, ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగారు మరి. "నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడగండి. అవునంటే కంగారుపడి దేవుడి మీద ఒట్టు వేయించుకోకండి, "చెప్పి మంచి పని చేశావు" అనండి. ఎవరికీ చెప్పొద్దంటే ఆ మాట మాత్రం ఇవ్వకండి. "మన ఇద్దరి వల్లా కాకపోతే డాక్టరుకి చెప్తాం, నీకు చెప్పే చెప్తాం" అంటే పిల్లలు ఒప్పుకుంటారు, నేను చూశాను.

ఈ వారమే పిల్లనో పిల్లాడినో ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు ఇంట్లో ఉన్న మందులు, పురుగుమందులు ఇవాళే తీసి తాళం వేయండి, లేదా వేరే ఇంటికి పంపండి. డిశ్చార్జ్ కాగితంలో సైకియాట్రీ రివ్యూ తేదీ లేకపోతే ఫోన్ చేసి అడిగి రాయించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ కట్టక్కర్లేదు. పిల్లలకే కాదు, మీకు ఏం చేయాలో తోచకపోయినా చేయొచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే ఏ నంబరూ వెతక్కుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. బంధువుల్లో ఒక్కరికి, వాడికి ఇష్టమైన మేనమామో పెద్దమ్మ కొడుకో ఎవరైనా సరే, రెండు మూడు రోజులకోసారి ఊరికే ఫోన్ చేసే పని అప్పగించండి. చదువు ఊసు ఎత్తొద్దని ముందే చెప్పండి. హాస్టల్‌కి మళ్ళీ ఎప్పుడు పంపాలి, ఆ సెమిస్టర్ ఏం చేయాలి అన్నవి నాలుగో వారం తర్వాత, వాడినీ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవచ్చు.